విమానం కింద ఎవరున్నారు?

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానానికి వీడ్కోలు పలికారు. 1963లో అదే ఊళ్ళో భారత వైమానిక దళంలో చేరిన విమానం అరవై రెండేళ్ళ తర్వాత అక్కడే సెలవు తీసుకుంది. ఆ సందర్భంగా దాన్ని పొగిడిన భాషంతా మగవాడిని పొగిడే భాషే. యోధుడు, వెన్నెముక, అలుపెరగనివాడు. దానికి ఇంకో రెండు పేర్లు కూడా ఉండేవి. ఒకటి 'ఎగిరే శవపేటిక'. రెండోది 'విడో మేకర్'. ఈ రెండో పేరును తెలుగులో చెప్పాలంటే 'ముండమోయించేది' అనాలి. మన భాషలో ఆ మాట ఎంత క్రూరమైనదో ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ప్రాణం తీసింది యంత్రం. తిట్టు మాత్రం బతికున్న ఆడదానికి తగిలింది. ఈ విమానం చరిత్రలో పైలట్ భార్యకు దొరికిన చోటు అంతే. ఆమె ఒక మారుపేరు.

నేను రాయబోయేది ఆ విమానం గురించి మాత్రమే కాదు. దాన్ని కంప్యూటర్లలో మళ్ళీ కడుతున్నవాళ్ళ గురించి కూడా. విమానం నడపడాన్ని ఉన్నదున్నట్టు అనుకరించే ఆటలున్నాయి. ఫ్లైట్ సిమ్యులేటర్లు అంటారు. వాటిలో పాతకాలపు జెట్ విమానాన్ని తీసుకుని, దానికి కొత్త రాడారూ కొత్త క్షిపణులూ కొత్త తెరలూ తగిలించి 'ఆధునికీకరించడం' ఒక పెద్ద సరదా. అబ్బాయిలు నెలల తరబడి రాత్రులు కూర్చుని ఈ పని చేస్తారు. నేనూ చేస్తున్నాను. తెలుగు స్త్రీల కథల మీద పీహెచ్.డి. చేసి, తెనాలిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఒక మిగ్-21 బైసన్‌ను కడుతున్నాను.

ఈ సంగతి తెలిసినవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. సాహిత్య మిత్రులు, "స్త్రీవాదివై ఉండి యుద్ధవిమానాలతో ఆడుకోవడమేమిటి?" అంటారు. ఇంజనీరింగ్ చదివే మా అన్నయ్య కొడుకు, "ఆటలోకి రాజకీయాలెందుకత్తా? ఇది వట్టి ఇంజనీరింగ్," అంటాడు. ఒకరికి ఈ ఆట మురికిది, ఇంకొకరికి నిర్మలమైనది. ఇద్దరూ కోరేది మాత్రం ఒకటే, నేను దాని గురించి మాట్లాడకూడదని. నేను మాట్లాడదలుచుకున్నాను.

ముందుగా ఈ పని ఏమిటో చెప్పాలి. ఫ్లైట్‌గేర్ అని 1990ల నుంచీ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు పెంచుకొస్తున్న సిమ్యులేటర్ ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు. దాని లోపలి రాతంతా ఎవరైనా తెరిచి చూడొచ్చు, మార్చొచ్చు. విమానం ఆకారాన్ని బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చెక్కుకోవాలి. అది ఎలా ఎగురుతుందో ఒక ఫైలులో రాయాలి. రెక్కల కొలతలు, ఏ బరువు ఎక్కడుంది, ఇంధనం ఎంత, ఏ వేగంలో గాలి ఎంత ఎత్తుతుంది, అన్నీ అక్షరాలు, అంకెలు. ఏడు మీటర్ల చిల్లర వెడల్పున్న ఆ పొట్టి రెక్కతో మిగ్-21 గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో నేలకు దిగాలి. ముక్కులో కొత్త రాడారు బరువు వేస్తే గరిమనాభి ముందుకు జరుగుతుంది. దించేటప్పుడు ముక్కు లేవదు, తోక ఇంకా ఎక్కువ పనిచేయాలి. ఒక అంకె మార్చి, ఎగరేసి, కూలిపోయి, మళ్ళీ ఇంకో అంకె మార్చడం. ఇందులో ఆనందం ఉంది. ఆ ఆనందాన్ని నేను దాచుకోను. ఒక వస్తువు ఎందుకు అలా ఉందో, మార్చితే ఏమవుతుందో తెలుసుకునే ఆనందం మగపిల్లల సొంత ఆస్తి కాదు. మనకు ఆ వయసులో బొమ్మ విమానం ఇవ్వలేదు కాబట్టి అది మనది కాదనుకోవడం వాళ్ళు రాసిన పత్రం మీద మనం సంతకం పెట్టడమే.

ఆధునికీకరణ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఆటలో మనం చేసే పనిని నిజంగా మన ప్రభుత్వం చేసింది. 1996లో 125 మిగ్-21 విమానాలను ఆధునికీకరించడానికి రష్యాతో ఒప్పందం కుదిరింది. అలా తయారైందే బైసన్. కోప్యో అనే కొత్త రాడారు వచ్చింది. రష్యన్ భాషలో ఆ మాటకు బల్లెం అని అర్థం. పైలట్ తల ఎటు తిప్పితే అటు క్షిపణి గురి చూసే హెల్మెట్ వచ్చింది. ఫ్రాన్స్‌లో చేసిన దారి చూపే పరికరం, మన దేశంలో చేసిన తరంగ్ అనే హెచ్చరిక పరికరం వచ్చాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ విభాగం 1965లో మొదలైందే ఈ మిగ్-21కు ఎలక్ట్రానిక్ సామగ్రి చేయడానికి. అంటే ఈ విమానం మనకు దూరపుదేమీ కాదు.

కానీ ఎముకలు పాతవే. మిగ్-21 ముక్కులోంచే గాలి పీలుస్తుంది. ఆ ముక్కు మధ్యలో ఒక శంకువు ఉంటుంది. రాడారు ఆ శంకువులో ఇమడాలి. ఎంత గొప్ప రాడారైనా దాని యాంటెన్నా ఆ శంకువును మించి పెరగడానికి వీల్లేదు. 1950ల్లో ఎవరో గీసిన ముక్కు, యాభై ఏళ్ళ తర్వాతి కంటికి హద్దు గీసింది. ఆటలో అయితే గాలిదారులను పక్కలకు జరిపేసి ముక్కును ఖాళీ చేసుకోవచ్చు. ఆకారం వరకూ ఒక పూట పని. చైనా వాళ్ళు ఇదే వంశంలోంచి చేసిన ఎఫ్‌టీసీ-2000 అనే శిక్షణ విమానానికి అలాగే చేశారు. అలా చేస్తే అది ఇక పాత విమానం కాదు, దాదాపు కొత్తది. ఆధునికీకరణ అన్నప్పుడు మాత్రం ఎముకల జోలికి పోరు. కన్ను కొత్తది, తల కొత్తది, మాట కొత్తది. లోపలి కట్టడం తాతలనాటిది.

ఈ పద్ధతి మనకు బాగా పరిచయం. చలం పెరిగిన ఊరూ కొడవటిగంటి కుటుంబరావు పుట్టిన ఊరూ అయిన తెనాలి తనను తాను ఆంధ్రా ప్యారిస్ అని చెప్పుకుంటుంది. ఇక్కడి ఇళ్ళలో కూతురికి లాప్‌టాప్ కొనిస్తారు, గది తలుపు మాత్రం తెరిచి ఉంచమంటారు. ఇంజనీరింగ్ చదివిస్తారు, ఆ చదువుకు సరితూగే అల్లుడి రేటు గురించి నెలల తరబడి బేరాలాడతారు. సంబంధం వెతకడానికి ఫోన్‌లో యాప్ ఉంటుంది, అందులో మొదట నింపాల్సిన గడి కులం. రాడారు మారింది, శంకువు మారలేదు. పితృస్వామ్యం ఆధునికతను వ్యతిరేకిస్తుందని ఇంకా అనుకునేవాళ్ళు బైసన్‌ను ఒకసారి చూడాలి. అది ఆధునికతను ఇష్టంగా, ఖర్చుపెట్టి తెచ్చి తగిలించుకుంటుంది. ఎముకలు మార్చమన్నప్పుడే దానికి కోపం వస్తుంది.

ఇంతకీ ఆ విమానంలో ఆడపైలట్లు ఎక్కారు కదా అంటారు. ఎక్కారు. 2016 జూన్ 18న హైదరాబాద్ దగ్గర దుండిగల్ అకాడమీలో అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు మొదటి మహిళా యుద్ధ పైలట్లుగా బాధ్యతలు తీసుకున్నారు. 2018 ఫిబ్రవరి 19న జామ్‌నగర్‌లో అవని చతుర్వేది ఒంటరిగా నడిపింది మిగ్-21 బైసన్‌నే. 2025లో వీడ్కోలు విన్యాసంలో ఎగిరినవాళ్ళలో స్క్వాడ్రన్ లీడర్ ప్రియా శర్మ ఉన్నారు. వాళ్ళ ధైర్యం పట్ల, నైపుణ్యం పట్ల నాకు గౌరవం ఉంది. మగవాళ్ళకు వీలైన పని ఆడవాళ్ళకు వీలుకాదనే మాటను వాళ్ళు ఆకాశంలో పగలగొట్టారు. అయితే ఆ ఫోటోలను అచ్చేసి 'స్త్రీ విముక్తి ఇదిగో' అని చూపించేవాళ్ళతో నాకు పేచీ ఉంది. పాత ఎముకలకు తగిలించిన ఇంకో కొత్త పరికరంగా ఆమెను వాడుకుంటున్నారు. యుద్ధం ఎందుకు, ఎవరి మీద, ఎవరి ఖర్చుతో అనే ప్రశ్నలు అలాగే ఉంటాయి. అడిగే నోరు మూయించడానికి మాత్రం ఇప్పుడు ఒక ఆడమనిషి బొమ్మ దొరికింది.

ఆ ఎముకల్లో ఆడమనిషికి చోటెంతో నేను కట్టే ఫైలులోనే కనిపిస్తుంది. విమానం ఎగిరే తీరు రాసే ఫైలులో పైలట్‌కు పేరు ఉండదు, ముఖం ఉండదు. పైలట్ అంటే ఒక బరువు. అందరూ ఒకరిని చూసి ఒకరు రాసుకునే అంకె 180 పౌండ్లు, అంటే సుమారు 82 కిలోలు. అది ఎవరి బరువు? నేను దాన్ని చెరిపి 52 కిలోలు చేశాను. గరిమనాభి వెంట్రుకవాసి వెనక్కి జరిగింది. అంతే, విమానం ఎగిరింది. నిజమైన విమానాల్లో వ్యవహారం ఇంత సులువు కాదు. అమెరికా ఎఫ్-35 విమానాన్ని అత్యాధునికమని చెప్పుకుంటుంది కదా, 2015లో ఆ విమానాన్ని 136 పౌండ్ల కంటే తక్కువ బరువున్నవాళ్ళు నడపకూడదని ఆపేయాల్సి వచ్చింది. ప్రమాదంలో సీటు బయటికి ఎగిరినప్పుడు తేలికైన మనిషి మెడ విరిగే అపాయం ఉంది కాబట్టి. సీటునూ హెల్మెట్‌నూ సవరించి 2017లో ఆ ఆంక్ష ఎత్తేశారు. ఇరవయ్యొకటో శతాబ్దపు విమానంలో కూడా 'మనిషి' అంటే మొదట మగవాడి బరువే. మిగిలినవాళ్ళు తర్వాత చేసే సవరణలు.

ఇక నా అసలు అభ్యంతరానికి వస్తాను. ఆ ఫైలులో 'గ్రౌండ్ రియాక్షన్స్' అని ఒక భాగం ఉంటుంది. నేల ఎలా స్పందిస్తుంది అని. నేను మొదటిసారి ఆ శీర్షిక చూసినప్పుడు సాహిత్య విద్యార్థినిగా ఆశపడ్డాను. అందులో ఉండేవి చక్రాలు, రాపిడి, స్ప్రింగు బలం, అదురును మింగే శక్తి. నేల అంటే చక్రానికి తగిలే గట్టితనం. అంతకు మించి నేలకు ఈ ఆటలో అస్తిత్వం లేదు. రన్‌వే తప్పితే మిగతాదంతా పైనుంచి పరిచిన బొమ్మ. నా విమానం బాపట్ల తీరం మీద ఎన్నిసార్లు కూలిందో లెక్కలేదు. కింద ఎవరూ చావలేదు. ఉంటే కదా చావడానికి! 'మళ్ళీ మొదలు' అనే మీట నొక్కితే విమానం చెక్కుచెదరకుండా రన్‌వే మీద నిలబడుతుంది.

ఆ మీట లేని లోకంలో లెక్కలు ఇవీ. 2012లో అప్పటి రక్షణమంత్రి ఏ.కె. ఆంటొనీ రాజ్యసభకు చెప్పిన ప్రకారం, రష్యా నుంచి తెచ్చుకున్న మిగ్ రకాలన్నీ కలిపి 872 విమానాల్లో ఆ ఏడాది ఏప్రిల్ నాటికి 482 ప్రమాదాల పాలయ్యాయి. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు, ఇతర దళాల వాళ్ళు 8 మంది చనిపోయారు. పైలట్ల పేర్లకు స్మారకాలున్నాయి. ఆ 39 మంది ఎవరు? తర్వాత 2023 మే 8న రాజస్థాన్‌లోని హనుమాన్‌గఢ్ జిల్లా బహ్లోల్‌నగర్‌లో ఒక మిగ్-21 ఇంటి మీద కూలింది. పైలట్ పారాచూట్‌తో క్షేమంగా దిగాడు, దిగినందుకు సంతోషం. చనిపోయిన ముగ్గురూ స్త్రీలే. వాళ్ళు ఏ యుద్ధంలోనూ లేరు. తమ ఊళ్ళో, తమ ఇళ్ళ దగ్గర, ఆడవాళ్ళు పగటిపూట ఎక్కడుంటారో అక్కడ ఉన్నారు. ఇల్లు ఆడవాళ్ళకు భద్రమైన చోటని చెప్పే సమాజం ఆకాశంలోంచి వచ్చిపడేదాన్ని ఆ లెక్కలో వేసుకోదు. ఆ విమానానికి వీడ్కోలు సభ జరిగింది. ఆ ముగ్గురి పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

అంతకన్నా ముందే ఈ ప్రశ్న అడిగిన స్త్రీ ఉంది. 2001 సెప్టెంబర్ 17న సూరత్‌గఢ్‌లో ఫ్లైట్ లెఫ్టినెంట్ అభిజిత్ గాడ్గిల్ నడుపుతున్న మిగ్-21 కూలి అతను చనిపోయాడు. తప్పు పైలట్‌దే అన్న మాటను అతని తల్లి కవితా గాడ్గిల్ ఒప్పుకోలేదు. ఆమె విమానాన్ని చదువుకుంది, ప్రమాదాలను చదువుకుంది, ఏళ్ళ తరబడి ప్రశ్నించింది. 2006లో వచ్చిన 'రంగ్ దే బసంతీ' సినిమాలోనూ మిగ్ కూలి చనిపోయిన పైలట్ ఉన్నాడు, అతని తల్లీ ఉంది. సినిమా ఆ తల్లిని ఏం చేసింది? లాఠీ దెబ్బలు తినిపించి కోమాలో పడుకోబెట్టింది. తర్వాత చేయాల్సినదంతా కుర్రాళ్ళు తుపాకులతో చేశారు. బతికున్న తల్లి మాట్లాడుతుంటే తెర మీది తల్లికి స్పృహ లేకుండా చేయడం యాదృచ్ఛికమా? దుఃఖించే తల్లి కావాలి, లెక్క అడిగే తల్లి వద్దు. మన కథల్లో, సినిమాల్లో వీరమాత అంటే ఇప్పటికీ అంతే.

ఇదంతా ఎక్కడో రాజస్థాన్‌లో కదా అనుకోనక్కర్లేదు. మనం నివసించే కృష్ణా పడమటి డెల్టా కూడా విమానాలకూ క్షిపణులకూ 'నేల'గానే ఉంది. బాపట్లకు కూతవేటు దూరంలో సూర్యలంక. సెలవు రోజుల్లో పిల్లలను తీసుకుని వెళ్ళే తీరమే అది. దాని పక్కనే వైమానిక దళం స్టేషన్, క్షిపణులను ప్రయోగించి చూసే చోటు. ఆకాశ్ క్షిపణులను 2020లో అక్కడినుంచే వదిలారు. ప్రయోగాలు జరిగే రోజుల్లో వేటకు వెళ్ళొద్దని తీరగ్రామాలకు చెప్తారు. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారినే నాలుగు కిలోమీటర్ల మేర రన్‌వేగా మార్చి 2022 డిసెంబర్ 29న యుద్ధవిమానాలను దాని మీదుగా పోనిచ్చి పరీక్షించారు. రేపల్లె నుంచి పెనుమూడి వారధి దాటి అవనిగడ్డ మీదుగా వెళ్తే నాగాయలంక వస్తుంది. అక్కడ క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేశారు. మడ అడవుల ప్రాంతం అది.

దేశానికి రక్షణ అక్కర్లేదా అని వెంటనే అడుగుతారు. అది వేరే చర్చ, దానికీ నేను సిద్ధమే. ఇక్కడ నేను అడుగుతున్నది చిన్న విషయం. వేట ఆగిన రోజు పడవ యజమానికి ఎంత నష్టమో ఎవరో ఒకరు లెక్క వేస్తారు. ఒడ్డున పాటపాడి చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళలో అమ్మే ఆమె ఆ రోజు ఏం వండింది? ఎండబెట్టడానికి చేపలు లేని రోజున ఆమెకు కూలి ఉందా? ఆమె పడవెక్కదు కాబట్టి మత్స్యకారుల జాబితాలో చాలాసార్లు ఆమె ఉండదు. ఇంజన్ల సంగతికొస్తే, మిగ్ ఇంజన్ల కర్మాగారం కోసం ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబెడలో భూములు వదులుకున్నది ఆదివాసులు. ఈ విమానం కథలో నేల అడుగడుగునా ఉంది. ఆట కట్టేవాడికి కనిపించేది మాత్రం చక్రం కింద రాపిడి.

"వట్టి ఆట కదత్తా," అనే మాటకు ఇంకా జవాబు చెప్పాలి. వట్టి ఆటే అయితే వైమానిక దళం సొంతంగా ఆటలెందుకు విడుదల చేస్తుంది? 2019 ఫిబ్రవరి 27న అభినందన్ వర్ధమాన్ నడిపిన మిగ్-21 బైసన్ కూలి, అతను పాకిస్తాన్‌కు పట్టుబడి, తిరిగొచ్చాడు. అతని మీసం కొన్నాళ్ళు దేశంలో మంగలి షాపుల ఫ్యాషన్ అయింది. ఆ జూలైలో వైమానిక దళం విడుదల చేసిన ఫోన్ ఆటలో అదే మీసంతో ఒక పాత్ర ఉంది. యుద్ధం ఒక మీసంగా మారి జేబులోకి వచ్చింది. రాజకీయాలు ఆటలోకి నేను తేలేదు. అవి అక్కడే కూర్చుని మీసం మెలేస్తున్నాయి.

కరోల్ కోన్ అనే అమెరికన్ పరిశోధకురాలు అణ్వాయుధ నిపుణుల మధ్య కొంతకాలం గడిపి, 1987లో 'సైన్స్' అనే స్త్రీవాద పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఇక్కడ సైన్స్ అంటే శాస్త్రం కాదు, చిహ్నాలు అని. ఆ నిపుణులు క్రూరులేం కాదు, మర్యాదస్తులు. కానీ వాళ్ళ భాషలో ఆయుధాలకు ఏమవుతుందో చెప్పడానికి వందల మాటలున్నాయి, మనుషులకు ఏమవుతుందో చెప్పడానికి మాటల్లేవు. ఆ భాష నేర్చుకోవడం తనకూ సరదాగా ఉందనీ, నేర్చుకున్నకొద్దీ తన పాత ప్రశ్నలు అడగడం కష్టమైందనీ ఆమె చెప్పింది. అబ్బాయిల 'వట్టి ఇంజనీరింగ్' కూడా ఇలాంటి భాషే. దాంట్లో అబద్ధం ఏమీ ఉండదు. గరిమనాభి గురించి చెప్పేదంతా నిజమే. మనుషులు పట్టే చోటు మాత్రం దాంట్లో లేదు.

ఆ భాష మాట్లాడేవాళ్ళ గుంపులో ఆడపిల్లకు దొరికే చోటు గురించి కూడా చెప్తాను. బాపట్లలో కొంతకాలం నేను పాఠాలు చెప్పినప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె ఉంది. రేపల్లె దగ్గర పల్లె. తండ్రికి రొయ్యల చెరువు మీద కూలి పని. హాస్టల్లో పాత లాప్‌టాప్ మీద, ఎవరి పాఠమూ లేకుండా, ఆమె బ్లెండర్ నేర్చుకుంది. వేరే వేరే రాష్ట్రాల కుర్రాళ్ళతో కలిసి ఒక పాత జెట్ విమానం కాక్‌పిట్ కట్టింది. ఎత్తు చూపే ముల్లు, వేగం చూపే ముల్లు, పైన చిన్న అక్షరాలు, అన్నీ ఆమె చేతివే. ఎనిమిది నెలలు ఆమె మగపేరుతో ఉంది. అడిగితే, "పేరు చెప్తే పనిమీద మాట్లాడరు మేడమ్, పేరుమీదే మాట్లాడతారు," అంది. ఒక రాత్రి మైకులో మాట్లాడక తప్పలేదు. అవతల నిశ్శబ్దం. తర్వాత ప్రశ్నలు. ఎవరి చెల్లెలివి, నిజంగా నువ్వే చేశావా, ఫోటో పంపు. ఆ తర్వాత వారంలో పని మారిపోయింది. విమానం ఎగిరే తీరు తాము చూసుకుంటామనీ, ఆమెను రంగులు వేయమనీ చెప్పారు. ఆమె చేసిన ముళ్ళు అలాగే ఉంచుకున్నారు, పేరు తీసేశారు. ఆకాశంలో ఆడపైలట్‌ను చూసి చప్పట్లు కొట్టిన కుర్రాళ్ళే వీళ్ళు.

ఇప్పుడు మనవాళ్ళతో. యుద్ధ యంత్రాలు మగవాళ్ళ లోకం, మనం కవిత్వం రాసుకుందాం, కరుణ గురించి మాట్లాడుకుందాం అనే ధోరణి మన పత్రికల్లో, మన సభల్లో ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. కరుణ మన స్వభావం అని చెప్పి మనల్ని యంత్రం నుంచి దూరంగా కూర్చోబెట్టింది ఎవరు? 1940లో ఇంగ్లండ్ మీద బాంబులు పడుతున్న కాలంలో, నెత్తిమీద విమానాల మోత వింటూ వర్జీనియా వుల్ఫ్ ఒక వ్యాసం రాసింది. ఆయుధం చేతికివ్వని స్త్రీలు ఆలోచనతో యుద్ధాన్ని ఎదిరించాలని వాదించింది. ఆలోచనతో ఎదిరించాలంటే నెత్తిమీద పోయేదేమిటో తెలియాలి. కవితా గాడ్గిల్ ఏడుస్తూ కూర్చుని ఉంటే ఆమె కొడుకు మీద నింద నిందగానే ఉండేది. యంత్రం లోపలి సంగతి తెలియనివాళ్ళకు 'సాంకేతిక కారణాలు' అని చెప్పి పంపించేస్తారు. బ్యాంకులో, ఆసుపత్రిలో, రేషన్ డిపోలో వేలిముద్ర పడని ముసలమ్మకు కూడా ఈ రోజు చెప్పేది ఆ రెండు మాటలే.

అందుకే నేను కడుతున్నాను. ఆ అమ్మాయి కూడా మళ్ళీ కడుతోంది, ఈసారి తన పేరుతో. మేమిద్దరం విమానంతో పాటు నేలను కూడా కట్టడం మొదలుపెట్టాం. ఫ్లైట్‌గేర్‌లో ఎవరైనా తమ ప్రాంతానికి ఇళ్ళూ చెట్లూ చేర్చుకోవచ్చు. సూర్యలంక దారిలో ఇళ్ళు, నిజాంపట్నం రేవులో పడవలు, ఇసుకలో చేపలెండే చోట్లు, రేపల్లె స్టేషన్ బయట బళ్ళు. రేకుల ఇల్లు ఒకరకం, తాటాకు ఇల్లు ఒకరకం. ఇంటి ముందు నిలబడ్డ మనుషులు కూడా. ఒక్కో ఇల్లూ చెక్కడానికి, ఉన్న చోట పెట్టడానికి, రెక్క చెక్కినంత శ్రద్ధే కావాలి. అది కూడా ఇంజనీరింగే.

మేం చేసినది చూసి ఒక కుర్రాడు ఇచ్చిన సలహా ఏమిటంటే, ఇన్ని ఇళ్ళు పెడితే ఫ్రేమ్ రేటు పడిపోతుందట. అంటే కంప్యూటర్ క్షణానికి గీయగల బొమ్మల సంఖ్య తగ్గి, విమానం కాస్త నత్తిగా ఎగురుతుంది. ఎలాగూ అంత ఎత్తు నుంచి ఎవరికీ కనపడవు, తీసేయండి అన్నాడు. మర్యాదగానే చెప్పాడు, లెక్క కూడా సరైనదే. తీసేయడం లేదు. కింద మనుషులు ఉన్నందువల్ల పైన విమానం నెమ్మదించాల్సి వస్తే, నెమ్మదించాల్సింది విమానమే.